వయసు మళ్లిన క్రీడాకారులు – రక్తపోటు – గుండె సంరక్షణ

(సొసైటీ వార్షిక సమావేశంలో ఒక రిటైర్డు డ్రిల్లు మాస్టారు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి "మాస్టారూ, ఈ ఏడు ఆరోగ్యం మీద మీరు నాలుగు మాటలు చెప్పాలి" అన్నప్పుడు నేను కొంచెం వెనకాడిన మాట వాస్తవం. నేను డాక్టరును కాను. ముప్ఫై మూడేళ్లు హైస్కూళ్లలో విజిలు ఊది, పిల్లల చేత గ్రౌండు చుట్టూ పరుగులు తీయించిన డ్రిల్లు మాస్టారును. అయినా ఒప్పుకున్నాను. కారణం ఉంది, అది ముందు ముందు చెబుతాను. రాసుకున్న కాగితాలు ఒక డాక్టరుగారికి చూపించి, తప్పులు దిద్దించుకొని మరీ మీ ముందు నిలబడ్డాను. ఇందులో మంచి ఉంటే ఆయనది, పొరపాటు ఉంటే నాది అని భావించవలసిందిగా మనవి.

ఆటకు వయసు అడ్డం కాదు

ఒకప్పుడు నలభై దాటిన మనిషి నిక్కరు వేసుకొని గ్రౌండులోకి దిగితే నలుగురూ నవ్వేవారు. ఇప్పుడు ఆ రోజులు పోయాయి. తెల్లవారుజామున ఏ కాలేజీ గ్రౌండుకు వెళ్లి చూసినా తల నెరసినవారే ఎక్కువ. నడిచేవారు నడుస్తున్నారు, పరుగెత్తేవారు పరుగెత్తుతున్నారు, షటిలు ఆడేవారు చెమటలు కక్కుతూ ఆడుతున్నారు. వెటరన్ల టోర్నమెంట్లంటూ కప్పులు, షీల్డులు, సర్టిఫికెట్లు కూడా వచ్చాయి. వెటరన్ అథ్లెట్లకు ప్రపంచ పోటీలు మొదటిసారి 1975లో కెనడాలోని టొరంటో నగరంలో జరిగాయి. ఇప్పుడు 35 ఏళ్లు నిండిన స్త్రీ పురుషులు ఎవరైనా, అయిదేళ్లకొక తరగతి చొప్పున, తమ వయసువారితో పోటీ పడవచ్చును.

మన విశాఖపట్నానికి చెందిన విశ్రాంత నౌకాదళ కమాండరు వల్లభజోస్యుల శ్రీరాములుగారు తొంభై దాటిన వయసులో నడక పోటీలకు వెళ్లి పతకాలు తెచ్చారు. పంజాబుకు చెందిన మాన్ కౌర్ అనే అవ్వ 93వ ఏట పరుగు మొదలుపెట్టి, 2017లో న్యూజీలాండులోని ఆక్లాండులో 101 ఏళ్ల వయసులో నూరు మీటర్ల పరుగులో బంగారు పతకం తీసుకున్నది. మన పెద్దలు కథలు కథలుగా చెప్పుకొనే గామా పహిల్వాన్ సంగతి సరేసరి. 1928లో పటియాలాలో జిబిస్కో అనే పోలెండు మల్లుణ్ణి నిమిషం తిరగకుండా పడగొట్టేనాటికి ఆయన వయసు యాభైకి దగ్గర.

అయితే సోదరులారా, అదే గామా చివరి రోజుల్లో గుండె జబ్బుతో, ఉబ్బసంతో బాధపడి 1960లో లాహోరులో కన్నుమూశారు. రోజుకు వేల బైఠకీలు తీసిన దేహం అది. కండబలం వేరు, రక్తనాళాల ఆరోగ్యం వేరు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఈ ఒక్క మాటే.

ముగ్గురు స్నేహితులు

మేము ముగ్గురం. నాది తెనాలి. ఒకరిది బాపట్ల. ఇంకొకరిది రేపల్లె. పేర్లు చెప్పను, వాళ్ల ఇళ్లవాళ్లు ఇబ్బంది పడతారు. కుర్రతనంలో ముగ్గురం బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాళ్లం. పసుపుపచ్చ ఊలు బంతి, చెక్క బ్యాటు, మట్టి కోర్టు. రేపల్లె ప్యాసింజరులో బ్యాట్లు సంచిలో వేసుకొని ఊరూరూ తిరిగాం. తరువాత ఉద్యోగాలు, పెళ్లిళ్లు, పిల్లలు. పాతికేళ్లు ఆట మరిచిపోయాం. యాభై దాటాక ఎవరో వెటరన్ల పోటీ పెడితే మళ్లీ కలిశాం. ఆ పొద్దు మాకు కలిగిన సంతోషం ఇంత అంత కాదు. అయిదుగురి జట్టు కూర్చుకున్నాం. నన్నే కెప్టెన్ చేశారు.

రెండేళ్లు బాగానే జరిగింది. రేపల్లె స్నేహితుడికి ఒకసారి కళ్లద్దాల కోసం వెళ్తే డాక్టరుగారు బి.పి. చూసి 170/100 ఉందన్నారు. బిళ్ల రాసిచ్చారు. వేసుకున్నాడు. నెల తిరిగేసరికి బి.పి. దిగింది గాని, కోర్టులో కాళ్లు ఆడటం లేదనీ, ఊపిరి అందటం లేదనీ నాతో చెప్పుకున్నాడు. అది గుండె వేగాన్ని తగ్గించే రకం బిళ్ల అని నాకు తరువాత తెలిసింది. అప్పట్లో నాకూ తెలియదు, వాడికీ తెలియదు.

టోర్నమెంటు వారం రోజులుందనగా ఫోను చేసి "భాయ్, ఈ వారం బిళ్ల ఆపుతున్నా. కప్పు కొట్టాక మళ్లీ వేసుకుంటా" అన్నాడు. నేను ఏమన్నానో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "సరేలే భాయ్, వారానికి ఏమవుతుంది" అన్నాను.

మార్చి నెల చివర. ఎండ అప్పటికే ముదిరింది. మోకాలు నొప్పి అని పొద్దున్నే నొప్పి బిళ్లలు రెండు వేసుకున్నాడు. మొదటి గేము గెలిచాం. మధ్యలో విశ్రాంతికి కూర్చున్నప్పుడు దవడ లాగుతోందనీ, రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టుందనీ అన్నాడు. గ్యాసేమోనని ఎవరో అంటే గోలీసోడా తెప్పించి తాగించాం. రెండో గేము సగంలో వెనక్కి జరుగుతూ జరుగుతూ పడిపోయాడు. మేమంతా చుట్టూ మూగి, మొహాన నీళ్లు చల్లి, విసనకర్రతో విసిరాం. గుండె మీద చేతులు పెట్టి నొక్కటం ఒక్కరికీ తెలియదు. నాకూ తెలియదు. ముప్ఫై ఏళ్లు డ్రిల్లు చెప్పినవాణ్ణి నేను. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

నెల తరువాత వాళ్లింటికి వెళితే భాభీ టీ ఇచ్చి, అలమరలోంచి ఆ బిళ్లల అట్ట తీసి చూపించింది. అందులో ఏడు బిళ్లలు మిగిలి ఉన్నాయి. "అన్నయ్యా, బిళ్లలు ఆపాడని మీకు తెలుసా?" అని అడిగింది. తెలుసు అన్నాను. ఆమె ఇంకొక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో.

నేనీనాడు ఇక్కడ నిలబడటానికి కారణం ఆ ఏడు బిళ్లలు. ఇక అసలు విషయానికి వస్తాను.

రక్తపోటు అంటే ఏమిటి

గుండె మన గుప్పిటంత ఉంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి దాదాపు 70 సార్లు కొట్టుకొని, అయిదు లీటర్ల రక్తాన్ని తోస్తుంది. గట్టిగా ఆడేటప్పుడు అదే గుండె నిమిషానికి పదిహేను, ఇరవై లీటర్లు తోడవలసి వస్తుంది. ఆ తోపుడుకు రక్తనాళాల గోడల మీద పడే ఒత్తిడే రక్తపోటు. గుండె ముడుచుకున్నప్పటిది పై అంకె, వదులైనప్పటిది కింది అంకె. ఆసుపత్రిలో పలుమార్లు చూసినా 140/90 గాని, అంతకు మించి గాని ఉంటే బి.పి. ఉన్నట్టు లెక్క. అమెరికా డాక్టర్లు 2017 నుండి 130/80 దగ్గరే హెచ్చరిస్తున్నారు.

రక్తం గుండె నుండి ఊపిరితిత్తులకు వెళ్లి తిరిగి వస్తుందని 13వ శతాబ్దంలోనే ఇబ్న్ అల్ నఫీస్ అనే అరబ్బు వైద్యుడు రాశాడు. దేహమంతటా రక్తం తిరిగే తీరును ఇంగ్లండులో విలియం హార్వే 1628లో వివరించాడు. చేతికి పట్టీ చుట్టి పాదరసంతో కొలిచే పనిముట్టును ఇటలీ వైద్యుడు రీవా రోచ్చి 1896లో చేశాడు. స్టెతస్కోపు పెట్టి చప్పుడు వినే పద్ధతిని రష్యా వైద్యుడు కొరోట్కాఫ్ 1905లో చెప్పాడు. ఇక మందు విషయంలో మన దేశానికి గొప్ప పేరుంది. మన నాటువైద్యులు, యునానీ హకీములు ఎరిగిన సర్పగంధి వేరు నుండి 1931లో సలీముజ్జమాన్ సిద్దీఖీగారు సారాలను వేరుచేశారు. ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ గారి పేరు మీద అజ్మలీన్ అని పేరు పెట్టారు. బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ గారు ఆ వేరు బి.పి.ని ఎలా తగ్గిస్తుందో 1949లో ఇంగ్లండు పత్రికలో రాస్తే లోకమంతా అటు చూసింది. ఇప్పుడు అంతకన్నా మెరుగైన మందులు వచ్చాయనుకోండి. అలాగని ఎవరూ ఇళ్లల్లో ఆ వేరు నూరుకొని తాగవద్దు.

ఇంత చరిత్ర ఉన్నా, మన దేశంలో పెద్దవారిలో నలుగురిలో ఒకరికి బి.పి. ఉందని, అందులో అదుపులో ఉన్నది నూటికి దాదాపు 12 మందికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. బి.పి.కి నొప్పి లేదు, మంట లేదు. చెప్పకుండా వచ్చి కూర్చుంటుంది. అదే దానితో చిక్కు.

ఆటగాళ్ల భ్రమలు

మామూలు మనిషి కన్నా ఆటగాడికి చెప్పటం కష్టం. వాడి దగ్గర జవాబులు సిద్ధంగా ఉంటాయి. నా దగ్గరా ఉండేవి.

మొదటి జవాబు: "నేను రోజూ ఆడతాను, నాకు బి.పి. ఎందుకొస్తుంది?" వ్యాయామం వల్ల బి.పి. తగ్గే మాట నిజమే. బి.పి. ఉన్నవారు క్రమం తప్పకుండా నడక, పరుగు, సైకిలు వంటివి చేస్తే పై అంకె అయిదు నుండి ఎనిమిది వరకు తగ్గుతుంది. ఒక బిళ్ల చేసే పనిలో చాలా భాగం అది. కాని 170 ఉన్నవాడికి ఎనిమిది తగ్గితే 162. అది చాలదు గదా! పైగా వయసుతో పాటు రక్తనాళాలు బిరుసెక్కుతాయి. సాగే గుణం పోతుంది. అందువల్ల అరవై దాటినవారిలో కింది అంకె బాగానే ఉండి పై అంకె మాత్రమే పెరగటం మామూలు. దాన్ని తేలికగా తీసుకోరాదు.

రెండో జవాబు: "ఆట అయ్యాక చూపించుకున్నాను, 120 ఉంది." ఇదే పెద్ద మోసం. ఆటలో ఉన్నంతసేపు బి.పి. పెరుగుతుంది. ఆట ఆపాక కొన్ని గంటల పాటు మామూలు కన్నా కిందికి దిగుతుంది. అప్పుడు చూసిన అంకెను నమ్మితే ఇంటికి చుట్టం వచ్చి వెళ్లాక తలుపు తీసి ఎవరూ లేరన్నట్టు ఉంటుంది.

మూడో జవాబు: "ఇన్నాళ్లూ ఏమీ కాలేదు గదా." అమెరికాలో జిమ్ ఫిక్స్ అనే ఆయన 1977లో పరుగు మీద పుస్తకం రాసి లక్షల మందిని రోడ్ల మీద పరుగెత్తించాడు. 1984 జూలైలో పరుగెత్తుతూనే పడి చనిపోయాడు. వయసు 52. చూస్తే గుండె రక్తనాళాలు మూసుకుపోయి ఉన్నాయి. ఒకటి నూటికి 95 వంతులు. ఆయన తండ్రి 43వ ఏటనే గుండె జబ్బుతో పోయాడు. ఫిక్స్ 35వ ఏట వరకు సిగరెట్లు తాగాడు. డాక్టర్లు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోమన్నా చేయించుకోలేదు. పరుగు ఆయన్ను చంపలేదు. బహుశా కొన్నేళ్లు ఎక్కువే బతికించింది. చంపింది లోపలున్న జబ్బు, దాన్ని చూసుకోకపోవటం. మన రాష్ట్ర మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డిగారు 2022 ఫిబ్రవరి 21న హఠాత్తుగా గుండె ఆగి మరణించేనాటికి ఆయన వయసు 50. వ్యాయామం మీద శ్రద్ధ గలవారని ఆయనకు పేరుండేది. ఆ వార్త విన్నప్పుడు ప్రతి ఇంట్లో ఇదే మాట: "ఆయనకే అలా అయితే మన సంగతేమిటి?" ఆ భయం వారం రోజులుంది. తరువాత మరిచిపోయాం.

డాక్టర్లు చెప్పేదేమంటే, 35 ఏళ్లు దాటిన ఆటగాళ్లు ఆటలో హఠాత్తుగా పోతే దానికి ఎక్కువసార్లు కారణం గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవటమే. చిన్నవాళ్లలోనైతే పుట్టుకతో వచ్చిన గుండె లోపాలు కారణం కావచ్చు. అందుచేత నలభై దాటి పోటీ ఆటలకు దిగేవారు ఒక్కసారైనా బి.పి., షుగరు, కొలెస్టరాలు, ఇ.సి.జి. చూపించుకోవాలి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండె జబ్బుతో పోయి ఉంటే డాక్టరుగారికి ఆ సంగతి తప్పక చెప్పాలి. అవసరమైతే వారే ట్రెడ్‌మిల్ పరీక్షకు పంపుతారు. ఇంకొక మాట. ఏళ్ల తరబడి దూరపు పరుగులు తీసినవారిలో కొందరికి వయసు మళ్లాక గుండె లయ తప్పి కొట్టుకోవటం కూడా మామూలువారి కన్నా ఎక్కువగా కనబడుతున్నది. గుండె దడదడలాడి, అడ్డదిడ్డంగా కొట్టుకుంటున్నట్టనిపిస్తే అలసట అని సరిపెట్టుకోకండి.

బరువులెత్తేవారికి

మన బాపట్ల పక్కనున్న స్టువర్టుపురం బరువులెత్తేవారికి పేరుమోసిన ఊరు. ఆ ఊరి కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 2018లో ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్టులో జరిగిన కామన్వెల్తు క్రీడల్లో 85 కిలోల తరగతిలో 338 కిలోలెత్తి బంగారు పతకం తెచ్చాడు. మనందరికీ గర్వకారణం. అది చూసి మన నలభై, యాభై ఏళ్లవాళ్లు కూడా జిమ్ములకు వెళ్లి బరువులు పడుతున్నారు. మంచిదే. కాని ఒక సంగతి తెలియాలి. ఊపిరి బిగబట్టి పెద్ద బరువు నెట్టినప్పుడు ఆ క్షణంలో బి.పి. ఆకాశానికి లేస్తుంది. 1985లో కెనడాలో కొందరు బాడీబిల్డర్లకు రక్తనాళంలోనే గొట్టం పెట్టి కొలిస్తే, రెండు కాళ్లతో బరువు నెట్టేటప్పుడు సగటున 320/250 వచ్చింది. గట్టి వయసులో నాళాలు అది తట్టుకుంటాయి. బి.పి. అదుపులో లేని అరవై ఏళ్లవాడి నాళాలు ఎలా తట్టుకుంటాయి?

అలాగని బరువులు మానమని కాదు. తేలికపాటి బరువు, ఎక్కువసార్లు. ఎత్తేటప్పుడు ఊపిరి వదలటం, దించేటప్పుడు పీల్చటం. బిగబట్టరాదు. నేను పిల్లలకు చెప్పిన పాత పాఠమే, పెద్దలకూ అదే పాఠం. కండలు రావాలని ఎవరో ఇచ్చే ఇంజెక్షన్లు మాత్రం ముట్టుకోకండి. అవి బి.పి. పెంచి, గుండె గోడలను పాడుచేస్తాయి.

మందులు – ఆట

నా రేపల్లె స్నేహితుడి విషయంలో జరిగిన తప్పు మందుది కాదు. ఆట ఆడతానని వాడు డాక్టరుకు చెప్పలేదు, ఆయన అడగలేదు. చెప్పి ఉంటే వేరే రకం బిళ్ల రాసేవారు. బి.పి.కి ఒకటే మందు కాదు, చాలా రకాలున్నాయి. గుండె వేగాన్ని తగ్గించే రకం ఆటగాడికి అలసట తెస్తుంది. దాన్ని ఒక్కసారిగా ఆపితే గుండె మీద తిరగబడే ప్రమాదం కూడా ఉంది. మూత్రం ఎక్కువగా పోయించే రకం మన ఎండల్లో ఆడేవాడికి నీరు, లవణాలు తగ్గించి తల తిరిగేలా చేస్తుంది. ఆటగాళ్లకు ఇబ్బంది తక్కువగా ఉండే రకాలూ ఉన్నాయి. ఎవరికి ఏది అన్నది డాక్టరుగారి పని. మన పని "నేను పోటీల్లో ఆడతాను" అని నోరు తెరిచి చెప్పటం, మందు నచ్చకపోతే ఆపకుండా మళ్లీ వెళ్లి అడగటం.

పెద్ద పోటీలకు వెళ్లేవారు ఇంకొకటి గమనించాలి. మూత్రం పోయించే మందులు అన్ని క్రీడల్లోనూ నిషిద్ధ మందుల పట్టికలో ఉన్నాయి. గుండె వేగం తగ్గించేవి తుపాకి గురి, విలువిద్య పోటీల్లో నిషిద్ధం. జబ్బు కోసం వాడేవారు ముందుగా అనుమతి పత్రం తెచ్చుకోవచ్చు.

మోకాలికి, నడుముకు అని షాపులో అడిగి కొనుక్కొనే నొప్పి బిళ్లలు బి.పి.ని పెంచుతాయి. ఎండలో ఆడేవాడి మూత్రపిండాలకూ చేటు. జలుబు బిళ్లల్లో కొన్ని కూడా అంతే. జ్వరం వచ్చినప్పుడు ఆడనే కూడదు. జ్వరం గుండె కండరానికి పాకే ప్రమాదముంది.

ఇంట్లో చూసుకొనే పద్ధతి

చేతికి పట్టీ చుట్టే మిషను ఒకటి ఇంట్లో ఉంటే మంచిది. మణికట్టుకు పెట్టేదానికన్నా మోచేతి పైన చుట్టేది నమ్మకం. కండలు తిరిగిన చేతికి చిన్న పట్టీ చుడితే అంకె లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, పెద్ద పట్టీ అడగండి. చూసుకొనే ముందు అరగంట టీ, కాఫీ, బీడీ, సిగరెట్టు, ఆట ఉండకూడదు. మూత్రానికి వెళ్లి వచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద ఉంచి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. ఒక నిమిషం ఎడంతో రెండుసార్లు చూడాలి. పొద్దున, సాయంత్రం, ఏడు రోజులు రాసి, మొదటి రోజువి కొట్టివేసి, మిగిలినవాటి సగటు కట్టాలి. ఇంటి లెక్కలో అది 135/85 గాని, మించి గాని ఉంటే ఆ కాగితం తీసుకొని డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఊరికే కూర్చున్నప్పుడే పై అంకె 160 దాటేవారు అది దిగేదాకా పోటీ ఆటలకు సెలవు పెట్టాలి. నెమ్మది నడక సంగతి డాక్టరుగారినడిగి చేయవచ్చు. 180/110 ఉంటే ఆ పూటే చూపించుకోవాలి.

ఉప్పు విషయం మన ఆడవాళ్లు వినాలి. మనిషికి రోజుకు అయిదు గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచా లోపు, చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన ఇళ్లల్లో ఆవకాయ, అప్పడాలు, నిజాంపట్నం నుంచి వచ్చే ఎండుచేపలు, షేర్వాలో ఒకసారి, అన్నంలో ఒకసారి ఉప్పు. లెక్క కడితే ఎంతవుతుందో మీరే చూడండి. ఒక్కసారిగా మానక్కరలేదు. నెలకు కొంచెం తగ్గించుకుంటూ వస్తే నాలుకే అలవాటు పడుతుంది. ఇదంతా మగవాళ్ల జబ్బు అనుకోకండి. నెలసరి ఆగిన తరువాత స్త్రీలకూ బి.పి. వేగంగా పెరుగుతుంది. మీరూ చూపించుకోండి.

రంజాను నెలలో రోజా ఉండి, సాయంత్రం ఎండలో మ్యాచి ఆడే కుర్రకారును చూసి పెద్దలూ దిగుతుంటారు. పగలంతా నీళ్లు లేని దేహంతో అది తగదు. ఆడాలనుకుంటే ఇఫ్తారు అయ్యాక, కొంత వ్యవధి ఇచ్చి ఆడండి. బిళ్ల సహరీలో వేసుకోవాలా, ఇఫ్తారులోనా అన్నది నెల రాకముందే డాక్టరుగారిని అడిగి పెట్టుకోండి. మీ అంతట మీరు ఆపకండి.

ఆట ముందు, ఆట వెనక

ఆటకు ముందు పది నిమిషాలు నెమ్మదిగా ఒళ్లు వేడెక్కించాలి. ఆట అయ్యాక టక్కున ఆగి కూర్చోరాదు. రక్తం కాళ్లలోకి దిగిపోయి కళ్లు తిరుగుతాయి. అయిదు, పది నిమిషాలు నడవాలి. ఆట కాగానే బీడీ వెలిగించటం గుండెకు చేసే ద్రోహం. ఆడుతూ నాలుగు మాటలు మాట్లాడలేకపోతున్నారంటే వేగం తగ్గించండి.

రొమ్ములో బిగింపు, బరువు; ఎడమ చెయ్యి, దవడ, వీపు లాగటం; పని కన్నా మించిన ఆయాసం; చల్లని చెమట; కళ్లు చీకట్లు కమ్మటం. ఇందులో ఏది వచ్చినా ఆట అక్కడికక్కడ ఆగాలి. స్కోరు ఎంతైనా సరే. గ్యాసు అనుకోవటం తరువాత. ముందు 108కి ఫోను చెయ్యాలి.

మనిషి పడిపోయి, పిలిస్తే పలకక, ఊపిరి సరిగా తీసుకోకపోతే నీళ్లు చల్లుతూ కూర్చోకండి. ఒకరు 108కి ఫోను చెయ్యాలి. ఇంకొకరు రొమ్ము నడుమ రెండు చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, నిమిషానికి 100 నుండి 120 సార్లు, రెండంగుళాల లోతు దిగేలా గట్టిగా నొక్కాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు, అలసిపోతే మనిషిని మార్చుకోవాలి. ఏమీ చేయకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం నూటికి ఏడు నుండి పది వంతులు తగ్గిపోతుంది. మన ఊళ్ల నుండి గుంటూరు పెద్దాసుపత్రికి ఎంత దూరమో మీకు తెలుసు. ఆ దూరాన్ని దాటించవలసింది మన చేతులే.

నా విన్నపం

నా బాపట్ల స్నేహితుడి మాట చెప్పి ముగిస్తాను. ఆ మార్చి తరువాత వాడు భయపడి చూపించుకున్నాడు. 158/96 వచ్చింది. ఆటగాణ్ణని చెప్పి మందు రాయించుకున్నాడు. ఉప్పు తగ్గించాడు, బీడీ మానాడు, ఆరు కిలోలు తగ్గాడు. ఇప్పుడు 68 ఏళ్లు. పొద్దున్నే గ్రౌండులో నడిచి, ఆదివారం ఆడుతున్నాడు. కుర్రవాళ్లను ఓడించటం లేదు గాని, ఇంటికి తిరిగి వస్తున్నాడు. నాకూ బి.పి. ఉంది. బిళ్ల పొద్దున్నే మా ఇంట్లోవాళ్లు చేతిలో పెడతారు. వేసుకున్నదాకా టీ ఇవ్వరు.

ఈ సొసైటీవారికి మూడు విన్నపాలు. ఒకటి, మూడు ఊళ్లలోనూ ఒక్కొక్క బి.పి. మిషను కొని, నెలకొక ఆదివారం పెద్దవారికి చూసే ఏర్పాటు చేయండి. నా వంతు ఖర్చు ఈ వేదిక మీదనే ఇస్తాను. రెండు, మనం జరిపే పోటీల్లో నలభై దాటినవారి ప్రవేశ పత్రంలో వారం రోజుల బి.పి. అంకెలు, వాడే మందుల పేర్లు రాసే గడి పెట్టండి. మూడు, ప్రతి జట్టులో కనీసం ఇద్దరికి గుండె నొక్కే శిక్షణ ఇప్పించండి. డాక్టర్లు పిలిస్తే వస్తారు. చెయ్యి ఎలా పెట్టాలో నేను ఇప్పుడు నేర్చుకున్నాను. తలగడ మీద నేర్పుతాను, ఎవరు వచ్చినా సరే.

చివరగా, జట్టు కెప్టెన్లకు ఒక మాట. మీ స్నేహితుడు బిళ్ల ఆపానని చెబితే ఆ రోజు వాడికి బ్యాటు ఇవ్వకండి. వాడు కోపగించుకుంటాడు, నాలుగు రోజులు మాట్లాడడు. ఫర్వాలేదు. మాట్లాడకుండా ఉండటానికైనా మనిషి ఉండాలి గదా!